తిరగేసి గుచ్చిన చిప్పు

పాట ఇంకా స్పష్టంగా వినిపించాలని బావమరిది ఎక్కడెక్కడో వెతికి తెప్పించుకున్న ఆప్-ఆంప్ చిప్పును మెకానిక్, పాతది తీసేసి, ఆంప్లిఫయర్‌లో తిరగేసి గుచ్చాడు. స్విచ్చి వేయగానే ఆ కొత్త చిప్పు కాస్తా కాలిపోయింది. పాతికేళ్ల అనుభవం ఏ గంగలో కలిసిందో! బావమరిది చేతులు కడుక్కుని వచ్చేలోపు, చడీచప్పుడు లేకుండా పాత చిప్పునే మళ్లీ పెట్టేసి పాట వేశాడు.

బావమరిది కళ్లు మూసుకుని విన్నాడు. “అబ్బ! చెవుల్లో దూది తీసినట్టుంది బావా! ఆ పాతది వట్టి డొక్కు.”

గండం గడిచిందనుకున్నాడు మెకానిక్.

“అక్కా, ఇలా రా!” బావమరిది లోపలికి కేకేశాడు. “బావా, ఇప్పుడు ఆ పాతది పెట్టు. తేడా అక్క కూడా వినాలి.”

మెకానిక్ భార్య వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. అతని గుప్పిట్లో కాలిన చిప్పు ఇంకా చురుక్కుమంటూనే ఉంది.