రబ్బరుదే అనుకున్నాడు

నేను ఒక ఇత్తడి ఫ్లవర్‌వాజును. పూలు పెట్టుకోవడానికే పుట్టానన్న మాటే గానీ, నా నోట్లో నాలుగు పూలు నిలబడిన రోజులు తక్కువ. ప్రస్తుతం ఒక పోలీస్ స్టేషన్ సామాన్ల గదిలో, పిడి ఊడిన కత్తికీ నాటుసారా డబ్బాకీ మధ్య, మెడకు చీటీ కట్టించుకుని కూర్చున్నాను. నా పొట్ట మీద ఒక సొట్ట ఉంది. అదెలా పడిందో చెబుతాను, వినండి.

శ్రీకాకుళం జిల్లా బుడితిలో, ఇత్తడి సామాను చేసే ఒక కంచరి ఇంట్లో పుట్టాను. మెత్తగా పుట్టానా? ఆ ముసలాయన నన్ను కొలిమిలో కాల్చి, సుత్తితో మోది మోది ఈ ఆకారానికి తెచ్చాడు. అక్కణ్ణుంచి హైదరాబాదులో ఒక దుకాణానికీ, అక్కణ్ణుంచి టీవీ సీరియళ్లకు సామాను సర్దే ప్రాపర్టీ ఇమాం చేతికీ వచ్చాను. ఆయన నన్ను ఎత్తి చూసి, "యా అల్లా, తగిలితే బుర్ర రెండు చెక్కలే" అని మురిసిపోయాడు. నా బతుకేమిటో అప్పుడే ఖాయమైంది.

సీరియల్లో కొట్టుకోవడం ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఇమాం నాకు జోడీగా రబ్బరుతో అచ్చు నాలాంటిదాన్నే చేయించి, ఇత్తడి రంగు పూశాడు. బల్ల మీద తళతళలాడడం, కొట్టేవాళ్ల చేతిలో బరువుగా పైకి లేవడం నా వంతు. "కట్" అనగానే ఇమాం పరుగెత్తుకొచ్చి నన్ను లాక్కుని, ఆ రబ్బరుదాన్ని చేతిలో పెడతాడు. నెత్తిన పడేది అది. ఆ ఒక్క దెబ్బనే మూడుసార్లు తిప్పి తిప్పి చూపిస్తారు, వెనక ఉరుములు ఉరుముతాయి, ఇంటింటా ఆడవాళ్లు నోళ్లు నొక్కుకుంటారు. బరువు నాదీ, పేరు దానిదీ. ఒళ్లు మండదూ?

మమ్మల్నిద్దర్నీ ఎక్కువగా పట్టుకున్న చెయ్యి వారిజది. ఏలూరు పిల్ల, నాటకాల్లో వేషాలేసి వచ్చింది. మొదట్లో సీరియల్లో కాఫీ ట్రే పట్టుకొచ్చే పనిమనిషి. ఒకరోజు విలన్ వేషం కట్టే ఆవిడ అలిగి రాకపోతే, ఆ చీరే వారిజకు చుట్టి నిలబెట్టారు. కళ్లు ఇలా పైకెత్తి చూసిందో లేదో, కెమెరా వెనకున్నాయన గుటక మింగాడు. ఆనాటి నుంచి ఆ సీరియల్లో పెద్దకోడలు ఆమే. అత్తని మెట్ల మీంచి తోసింది, తోడికోడలి చెయ్యి విరిచింది, మామగారికి విషం పెట్టింది. కూరగాయల బజారులో ఒక ముసలావిడ "నీ చేతులు పడిపోనూ" అని మొహాన ఉమ్మేస్తే, వారిజ తుడుచుకుని సెట్టుకొచ్చి పిల్లలా గెంతులేసింది. నటికి అంతకన్నా బిరుదేముంది!

తెరమీద ఊరందర్నీ కొట్టే ఆ మనిషి ఇంట్లో దెబ్బలు తింటోందంటే ఎవరు నమ్ముతారు?

ఆమె మొగుడు చక్రధర్. ఆమె డేట్లూ, ఒప్పందాలూ అన్నీ అతనే చూసేవాడు. సెట్టులో టీ తాగుతూ, "కొడితేగానీ దీనికి ఏడుపొచ్చేది కాదండీ. నటి అయిందంటే నా చేతి చలవే" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు హాస్యమనుకుని నవ్వేవాళ్లు. మా సెట్టులో మేకప్ గదీ సామాన్ల గదీ ఒకటే కాబట్టి, అది హాస్యం కాదని నాకు తెలుసు. వాడు మహా తెలివైనవాడు. మొహం కెమెరా సొత్తని మొహం జోలికి పోయేవాడు కాదు. వీపు, డొక్కలు, చేతులు. ఒకసారి నా కళ్లెదుటే ఇస్త్రీపెట్టె తీసుకుని ఆమె మోచేతికి ఆనించాడు. ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది.

మచ్చ కిందికి దిగినకొద్దీ ఆమె జాకెట్టు చేతులూ దిగాయి. భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకు. చూసేవాళ్లు అదేదో కొత్త సింగారం అనుకున్నారు! "ఇచ్చట పెద్దకోడలు చేతుల జాకెట్లు కుట్టబడును" అని టైలర్లు బోర్డులు పెట్టారు. పెళ్లికూతుళ్లు మోజుపడి కుట్టించుకున్నారు. మనుషుల గురించి ఇంక నన్నేమీ అడక్కండి.

ఒక మధ్యాహ్నం ఆమె ఫోనులో వాళ్లమ్మతో గుసగుసగా అంటుంటే విన్నాను. "గుమ్మడికాయ కొట్టగానే వచ్చేస్తానమ్మా. ఇంకో సీరియల్ దాకా ఉంటే నేను బతకను." చివరి షాటు అయ్యాక దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టడం మావాళ్ల ఆనవాయితీ. ఆ కాయ పగిలేదాకా ప్రాణం నిలుపుకుంటే చాలు, ఆమె బయటపడుతుంది.

ఆ రోజు రానే వచ్చింది. చివరి షాటు నాదే, పెద్దకోడలు అత్తగారి నెత్తిన మోదేది. రబ్బరుదానికి రంగు లేచిపోయిందని ఇమాం దాన్ని పెరట్లోకి తీసుకుపోయాడు. నేను అద్దం ముందు బల్లమీద ఉన్నాను. వారిజ డైలాగు చూసుకోవడానికి ఒంటరిగా వచ్చింది. తలుపు మూసుకుని, గొంతు చించుకుని అరుస్తూ సాధన చేయడం ఆమెకు అలవాటు. అప్పుడు ఆ గది గడప ఎవరూ తొక్కరు.

చక్రధర్ లోపలికొచ్చి గడియ పెట్టాడు.

"కొత్త సీరియల్‌కి మాటిచ్చేశా. రేపే పూజ."

"నేను చెయ్యనండి. మా అమ్మ దగ్గరికి పోతున్నాను."

"ఎవర్నడిగి పోతావే?"

అంత తెలివైనవాడూ ఆ క్షణాన తన నియమం మరిచిపోయాడు. పిడికిలి నేరుగా మూతిమీద పడింది. పెదవి చిట్లింది. జుట్టు పట్టుకుని తలను అద్దానికేసి కొట్టాడు, అద్దం భళ్లున పగిలింది. గొంతు పట్టుకుని నేనున్న బల్లకే అదిమాడు.

"చంపేస్తున్నాడు! ఎవరైనా రండి!" అని కేక వేసింది వారిజ.

"ష్, మేడం డైలాగు చూసుకుంటున్నారు," అన్నదొక గొంతు బయట.

"అబ్బా, ఆ అరుపు చూడండ్రా!" అన్నాడు డైరెక్టరు. "షాట్‌లో కూడా అదే కావాలని చెప్పండి."

ఆమె విన్నది. వాళ్లు రారని అప్పుడు తెలిసింది ఆమెకు. కళ్లు తేలేస్తూ చేత్తో బల్లంతా తడిమింది. నేను దొరికాను.

చక్రధర్ నన్ను చూసి పకపకా నవ్వాడు. పట్టు కాస్త సడలించి, నెత్తి ముందుకు వంచాడు కూడా.

"కొట్టవే! ఆ రబ్బరు ముక్కతో కొట్టు. మూడుసార్లు తిప్పి చూపిస్తారు."

ఆమె కొట్టింది. పుట్టినప్పటి నుంచి దాచుకున్న బరువంతా వాడి కణత మీద పెట్టాను. ఎముక పగిలిన చప్పుడు నాకు లోపలిదాకా వినిపించింది, నా సొట్ట అప్పటిదే. వాడు కూలిపోతూ కూడా ఆమె జడ వదల్లేదు. రెండో దెబ్బ ఆ చేతిమీద పడింది. వేళ్లు నుజ్జయ్యాయి. జడ వదిలాడు.

గడియ తీసి వారిజ బయటికొచ్చింది. పెదవి నుంచీ, చేతిలో ఉన్న నా నుంచీ నెత్తురు కారుతోంది. ఎవడో చప్పట్లు మొదలెట్టాడు, అందరూ అందుకున్నారు. "మేకప్ అదిరింది మేడం!" అన్నాడు డైరెక్టరు.

అప్పుడు ఇమాం పెరట్లోంచి వచ్చాడు. తడి రంగు అంటకుండా రబ్బరుదాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"అమ్మా... డమ్మీ నా దగ్గరే ఉందమ్మా," అన్నాడు.

చప్పట్లు ఆగిపోయాయి. ఆ రోజు గుమ్మడికాయ ఎవరూ కొట్టలేదు.

చక్రధర్ చావలేదు. కానీ వాడి కుడిచెయ్యి మళ్లీ పిడికిలి పట్టలేదు. వాడు ఆమె మీద పెట్టిన కేసులో వాడి వకీలు కోర్టులో నన్ను పైకెత్తి అందరికీ చూపిస్తూ, "ఈవిడ అడిగిన వెంటనే ఏడవగల నటి. ఈవిడ కన్నీళ్లు ఎలా నమ్మేదండీ?" అన్నాడు.

వారిజ ఏడవలేదు. భుజాల చుట్టూ కప్పుకున్న పమిట కొంగు తీసి నడుముకు దోపుకుంది. ఆ రోజు ఆమె జాకెట్టు చేతులు భుజాల దగ్గరే ఆగిపోయాయి. రెండు చేతులూ చాచి జడ్జిగారి ముందు నిలబడింది. హాల్లో కూర్చున్న ఆడవాళ్లలో పెద్దకోడలు చేతుల జాకెట్లు తొడుక్కున్నవాళ్లు కొందరున్నారు. ఒక్కొక్కరే తలలు దించుకున్నారు.