ఈదమ్మ సౌడు పోసిన మిద్దె

ఈదమ్మ మిద్దె మీద చాటెడు సౌడు కుమ్మరించి, చేత్తో పరిచి, ఎడమ మడమతో నొక్కి చూసింది. మెత్తగా దిగింది. ఇంకో దోసెడు పోసి, చెక్కతో తట్టి, మళ్ళీ నొక్కింది. ఈసారి మడమ సరేనంది. కంటిని నమ్మొద్దని ఆమె భర్త మారయ్య అనేవాడు. కంటికి చదునుగా కనబడిన చోటే వానకు గుంట పడుతుంది. మడమ అబద్ధం చెప్పదు.

మనిషి పొట్టి. చీర మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, నెత్తికి తుండు చుట్టుకుంది. మోచేతుల దాకా, కనుబొమ్మల మీద, ముక్కుపుల్ల మీద ఒకటే తెల్లటి దుమ్ము. దూరం నుంచి చూస్తే, పండుగకు ఎవరో సున్నం వేసి ఎండకు ఆరబెట్టిన మనిషిలా ఉంది. ఆమె మడమల పగుళ్ళలో కొత్తకోటలోని సగం మిద్దెల మట్టి ఉంది.

సౌడంటే చవిటి నేల మీద తేలే బూడిదరంగు మన్ను. మృగశిర కార్తె రాకముందే దాన్ని గాడిదల మీద తెచ్చి మట్టి మిద్దెల మీద పరుస్తారు. తొలి వానకు అది మైనంలా పట్టుకుంటుంది. ఆ పైన ఎంత కురిసినా ఇంట్లోకి చుక్క దిగదు, పరిచిన చేయి మంచిదైతే. ఈదమ్మది మంచి చేయి. పోలీసు యాక్షన్ అయిన ఏడు మారయ్య పోయాడు. గాడిదలను అమ్మేసింది గానీ, చేయి అమ్ముడుపోయేది కాదు కనుక అది ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఊరందరి నెత్తిన కప్పు నిలబెట్టింది గానీ ఆమెకంటూ ఒక కప్పు లేదు. ఇప్పుడు నిలబడ్డ మిద్దె జానయ్యది. తొమ్మిదేండ్ల కింద జానయ్య పెండ్లాంతో హైదరాబాద్ పోతూ, "అక్కా, పొయ్యి ఆరకుండ చూడు" అని చెప్పిపోయాడు. పొయ్యి వెలగని ఇల్లు పాడుబడ్డ ఇంటి కిందే లెక్క. అలాంటి ఇంట్లోకి తిరిగి వస్తే అచ్చిరాదంటారు. రోజుకోసారి వచ్చి రెండు పుల్లలు ఎగదోసి పోతే చాలు. అయితే మండే పొయ్యి ఊరికే మండడం ఎందుకని ఈదమ్మ దాని మీద జొన్న గటుక వండింది. వండిన గటుకను మోసుకుపోవడం ఎందుకని అక్కడే తిన్నది. తిన్నాక కునుకు వస్తుంది కదా. మొదటి ఏడు అరుగు మీద పడుకుంది. మరుసటి ఏడు జల్లుకు లోపలికి జరిగింది. ఆ తర్వాత నడింట్లో దూలం కింద చాప పరిచింది. ఇప్పుడు గూట్లో దీపం ఆమెది, చిలక్కొయ్యకు వేలాడే సంచి ఆమెది, అటక మీది పిల్లి కూడా ఆమెదే. ఇల్లు మాత్రం జానయ్యది. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. తలుచుకోవడం మానేసింది, అంతే.

అందుకే ఆమెకు హైదరాబాద్ అంటే ప్రాణం. ఒక్కనాడూ చూడలేదు గానీ, జానయ్య దసరాకు వచ్చినప్పుడల్లా పట్నం గొప్పలు ఆయనకే చెప్పి పంపేది. "నల్ల తిప్పితే నీళ్ళంట గద తమ్మీ! గసొంటి ఊరిడిచి ఈడికి ఎవలన్న వస్తరా?"

మిద్దె మీది నుంచి కర్నూలు రోడ్డు కనిపిస్తుంది. పట్నం బస్సు వచ్చి ఆగింది. పైనుంచి ఒక పెట్టె దిగింది, ఒక పరుపుచుట్ట దిగింది. ఈదమ్మ పని ఆపలేదు. మంచం దిగింది. ఎవరికో జ్వరం కాబోలు అనుకుంది. తర్వాత ఇద్దరు మనుషులు ఆయాసపడుతూ నల్లటిది ఒకటి దించారు.

రోలు.

చెక్క ఆమె చేతిలోంచి జారింది. మూట తెచ్చినవాడు పండుగ చేసుకుని పోతాడు, మంచం తెచ్చినవాడు జ్వరం తగ్గాక పోతాడు. రోలు తెచ్చుకున్నవాళ్ళు ఇక పోరు.

"ఓ ఈదమ్మా!" ఎదురింటి నుంచి గాజుల మెహరాజ్ బీ కేక వేసింది. ఆమె ఇల్లు మిట్ట మీద ఉంటుంది కాబట్టి ఎవరి మిద్దె మీద ఏం జరిగినా ముందు ఆమెకే తెలుస్తుంది. "నీ ఇంటాయన వస్తుండే!"

"నా ఇంటాయన పోయి ఎన్నేండ్లాయె!"

"పోయినాయన గాదే. ఇల్లు గలాయన!"

ఈదమ్మ నిచ్చెన దిగేసరికి జానయ్య వాకిట్లో నిలబడి ఉన్నాడు. మనిషి సన్నబడ్డాడు. కాళ్ళకున్న రెండు చెప్పులు రెండు జోళ్ళవి. వెనక అతని పెండ్లాం సత్తమ్మ, చేతిలో లాంతరు. బండి మీద రోలు.

"మంచిగున్నవా అక్కా?"

"ఉన్న తమ్మీ." ఈదమ్మ బండి మీది రోలు వైపు చూసింది. "చూసిపోదామని వచ్చిండ్రా?"

"పోవుడు లేదు. ఉండనీకే వచ్చినం."

"ఎందుకు? బంగారమసొంటి పట్నం!"

"దొంగలక్కా." జానయ్య అరుగు మీద కూలబడ్డాడు. "సైకిలు పోయింది. గురువారం అంగట్ల ఒకడు గదే సైకిల్ అమ్మవెట్టిండు. బేరమాడి నాది నేనే కొనుక్కున్న. మల్ల పోయింది. మల్ల గురువారం పోతే గా మనిషే నవ్వుకుంట, 'రాండ్రి సేటూ, ఇంకొకలకు ఇయ్యకుండ మీ కోసమే ఆపిన' అంటడు."

"మరి చెప్పులు?"

"ఒక్కొక్కటి పోయినయ్. ఉన్నయి కలుపుకున్న."

ఈదమ్మ పెదవి విరిచింది. "గంతేనా? ఈడ లేరా దొంగలు? మొన్ననే మెహరాజ్ బీ కోడిని ఎత్తుకపోయిండ్రు."

"ఏ కోడి?" మిట్ట మీంచి మెహరాజ్ బీ లేచి నిలబడింది. "నా కోడి ఈన్నే ఉందే. గిదో!" కోడి కూడా అవునన్నట్టు కొక్కొరించింది.

"దొంగలను ఓర్సుకున్నం వదినె," అన్నది సత్తమ్మ. "ఇల్లు కిరాయికిచ్చినామెను ఓర్సుకోలేకపోయినం. గోడకు మేకు కొట్టొద్దు. చుట్టాలు రావొద్దు. నల్ల కాడ రెండో బిందె పెట్టొద్దు. మేం దగ్గితే పక్క రూముల నుంచి గోడను కట్టెతోని కొట్టేది. వానొస్తే ఈయన గొడుగు పట్టేది, నేను కూర కలిపేది. కప్పు బాగు చెయ్యమంటే 'కిరాయి పెంచినంక చేస్త' అన్నది. పెంచింది. చెయ్యలే."

"ఏం కప్పది?" ఈదమ్మ ఉండబట్టలేక అడిగింది.

"రేకులు."

"రేకులా! థూ." ఆ తర్వాత తాను ఎవరి వైపు మాట్లాడుతున్నదో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

జానయ్య అందుకున్నాడు. "దాన్ని గూడ ఓర్సుకుందుమక్కా. గంతల ఎలక్షన్లొచ్చినయ్. మా వాడల ఒకాయనది గొడుగు గుర్తు, ఒకాయనది నిచ్చెన. తెల్లారి లేసి చూస్తే మా తలుపు ఒక రెక్క మీద గొడుగేసిండ్రు, ఒక రెక్క మీద నిచ్చెనేసిండ్రు. ఏ రెక్క ముందు తీస్తే నేను గా పార్టోన్నట. రెండోటోళ్ళు కొట్టనీకే వస్తుండ్రు."

"రెండు ఒక్కపారే తియ్యకపోయినవ్?"

"తీసిన. రెండు పార్టీలోళ్ళు కలిసి కొట్టిండ్రు. ఎలక్షన్లు అయ్యేదాంక కిటికీలకెళ్ళి దునికి పనికి పోయిన."

ఈదమ్మకు నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, మొహం బరువుగా పెట్టుకుంది. "ఈడ గూడ పార్టీలే తమ్మీ. బాయి కాడ రెండు పార్టీలు. దినాం కొట్లాట."

"ఎవలెవలు?"

ఈదమ్మ మిట్ట వైపు చూసింది. "ఒకటి మెహరాజ్ బీ. ఒకటి నేను."

మిట్ట మీద నవ్వు వినిపించింది. ఇక మిగిలింది ఒక్క మాటే. ఈదమ్మ కళ్ళు మూసుకుని ఆ మాట అనేసింది.

"మీ ఇష్టం. నేను చెప్పేది చెప్తున్న. మిద్దె మీద ఆశ పెట్టుకోకుండ్రి. జల్లెడయింది."

మెహరాజ్ బీ నవ్వు టక్కున ఆగింది. కన్నబిడ్డను పట్టుకుని గుడ్డిదని పెండ్లివారికి చెప్పినట్టుంది ఈదమ్మకు. నోట్లో సౌడు పోసుకున్నట్టు నాలుక ఎండిపోయింది.

సత్తమ్మ బండి మీంచి దించిన రోలు మీదే కూర్చుంది. "అయితే ఈడ గూడ గొడుగేనా?"

జానయ్య తల గోక్కున్నాడు. "ఒక్క వాన చూద్దాం. మిద్దె కురిస్తే మల్ల బస్సెక్కుదాం. గా రూము ఇంక ఎవలకు ఇయ్యలేదు."

ఒక్క వాన. ఈదమ్మ ఆకాశం వైపు చూసింది. పడమట మబ్బు అప్పటికే నల్లబడుతోంది.

మిగిలిన సౌడు పరిచి వస్తానని మిద్దె ఎక్కింది. వంటింటి మీద పొగ పోయే కంత ఉంది. దాని మీద కుండ బోర్లించి ఉంటుంది. ఆ కుండ పక్కకు జరిగితే చాలు, వంటింట్లో ధార కడుతుంది. గాలికి దొర్లిందంటే ఎవరూ కాదనరు. ఈదమ్మ అటూ ఇటూ చూసి కాలితో కుండను నెట్టింది. అది దొర్లి పిట్టగోడకు ఆనింది.

వంగి కంతలోంచి చూసింది. కింద తాను పొద్దున అలికిన నేల, ఇంకా అలుకు గీతలు చెదరలేదు. తొమ్మిదేండ్లుగా ఆరని పొయ్యి. పొయ్యి పక్కన సత్తమ్మ. చేతిలో రాయి, మేకు. గోడకు ఒక దెబ్బ కొట్టి, ఎవరైనా అరుస్తారేమోనని అటూ ఇటూ చూసింది. ఎవరూ అరవలేదు. ఇంకో దెబ్బ కొట్టింది. మేకు దిగింది. దానికి లాంతరు తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి, దేవుడి పటాన్ని చూసినట్టు చూసుకుంది.

వాన మొదటి చుక్క ఈదమ్మ మెడ మీద పడింది. రెండోది కంతలోకి పోతుంటే ఆమె అరచేయి అడ్డం పెట్టింది.

అరచేయి ఎందుకు పోయిందో ఆమెకే తెలియదు. "ఓసి నీ చేతులిరగ," అని తన చేతినే తిట్టుకుంటూ, ఇంకో చేత్తో కుండను లాక్కుని కంత మీద బోర్లించింది. గాలి పడమటి నుంచి కొడుతోంది గనుక, తూర్పు వైపు అంచు కింద ఒక గులకరాయి పెట్టి కాస్త ఎత్తింది. ఇలా పెడితే పొగ పోతుంది, జల్లు రాదు. తర్వాత మిగిలిన సౌడంతా గబగబా పరిచి, తడుస్తూనే మడమతో నొక్కి, దిగింది.

వాన దంచి కొట్టింది. ముగ్గురూ నడింట్లో కూర్చుని దూలాల వైపు చూశారు. బయట మిద్దె అంచు దోనెలోంచి నీళ్ళు వాకిట్లోకి దుముకుతున్నాయి. లోపల చప్పుడు లేదు.

"వదినె, జల్లెడన్నవ్," అన్నది సత్తమ్మ.

"జల్లెడే. జర ఆగు."

ఆగారు. పిల్లి వచ్చి నడింట్లో ముడుచుకుని పడుకుంది. జానయ్య చేయి చాపి, చుక్క కోసం చూసి, చూసి, ముడుచుకున్నాడు. సత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. పైనుంచి పడిన తడి కాదది.

ఈదమ్మ ఇక ఓర్వలేకపోయింది. "దూలాలు చూస్తే ఏం తెలుస్తది? మూలలు చూడుండ్రి. కురిసేది ముందు మూలలకే. గదో! గా మూల ముట్టి చూడు తమ్మీ. పొడి! గీ ఊర్ల ఇసొంటి మిద్దె ఇంకోటి చూపియ్యి, చెవి కోసిస్త!"

అన్నాక తాను ఏమన్నదో అర్థమైంది. జానయ్య మూల దాకా పోయి, ముట్టి, నవ్వాడు.

"అయితే ఉంటం అక్కా. నువ్వు గూడ ఎటు పోకు. అరుగు నీదే."

అరుగు. తొమ్మిదేండ్ల కింద మొదలుపెట్టిన చోటు.

"చూస్తం తియ్," అన్నది ఈదమ్మ.

వాన సన్నబడింది. సత్తమ్మ పొయ్యి దగ్గరికి పోయి నిప్పు అడగబోయి, అక్కడే ఉందని చూసి పుల్లలు ఎగదోసింది. జానయ్య పరుపుచుట్ట విప్పుతున్నాడు. ఈదమ్మ చిలక్కొయ్య నుంచి సంచి తీసుకుంది. చాప చుట్టి చంకన పెట్టుకుంది. పిల్లిని పిలిచింది. అది పొడి నేల వదిలి రాలేదు. ఎవరికీ చెప్పకుండా, గడప మీద కాలు పెట్టకుండా దాటి, సందు దాటి, మిట్ట ఎక్కింది.

మెహరాజ్ బీ ఇంట్లో మంచం మీద తట్ట, పొయ్యి మీద మూకుడు, గాజుల పెట్టె మీద గిన్నె, అన్నింట్లోనూ టపటపా చుక్కలు.

"పండనీకే జాగ ఏడుందే?" అన్నది మెహరాజ్ బీ. "గీ మూల కురుస్తది, గా మూల కురుస్తది."

"సౌడు పోస్తనంటే ఎన్నడన్న ఇన్నవా?"

"నీతోని పోయించుకుంటే బాయి కాడ ముందు వంతు నీకు ఇయ్యాలె గద."

"ముందు వంతు నువ్వే తీస్కో."

మెహరాజ్ బీ ఆమె మొహం వైపు ఒకసారి చూసింది. గిన్నెను ఇటు జరిపి, తట్టను అటు జరిపి, చాప పట్టేంత చోటు చేసింది.

ఈదమ్మ గడపలో కూర్చుని తడిసిన మడమలు తుడుచుకుంది. ఎదురు మిద్దె మీద బోర్లించిన కుండ వానకు నల్లగా మెరుస్తోంది. దాని అంచు కింద పెట్టిన గులకరాయి సందులోంచి సత్తమ్మ పొయ్యి పొగ సన్నగా పైకి పోతోంది.