మడత విప్పని గుడ్డ

నిన్నటి గస్తీలో కాల్పులకు చనిపోయిన కాలెబ్ మింగో తుపాకి వెనక మూత తెరిస్తే, పేలిన తూటా తొడుగు ఇంకా లోపలే ఇరుక్కుని ఉంది. సార్జంట్ ట్రస్కాట్ దాన్ని కత్తిమొనతో పెకలించి, గుర్రపు జీన్లు కుట్టే ఎలీజా బల్ల మీద పడేశాడు. రాగి తొడుగు నిండా పచ్చటి చిలుము.

"ఒక్కటే పేల్చాడు మామా. రెండోది పెట్టే వీలే లేకపోయింది."

ఎలీజా తలెత్తలేదు. సూది మాత్రం దారి తప్పి బొటనవేలిలో దిగింది.

కాసేపటికి దళాన్ని వరసలో నిలబెట్టి తెల్ల కెప్టెన్ అందరి ముందూ తేల్చేశాడు. మింగో తుపాకి తుడుచుకోని బద్ధకస్తుడు, అందుకే చచ్చాడు, కాగితాల్లోనూ అలాగే రాస్తానన్నాడు. ఆ నల్లవాళ్ల దళంలో అంతకు మించిన తిట్టు లేదు. ఎవరో వాడి పారేసిన జీన్లూ, ముసలి గుర్రాలూ వాళ్లకిచ్చినా, వాళ్ల గుండీలు అద్దాల్లా మెరిసేవి. వరస చివర ఎలీజా సూది దిగిన బొటనవేలు నొక్కుకుంటూ నిలబడ్డాడు.

ఎలీజాకు యాభై రెండేళ్లు. జార్జియాలో బానిసగా దొర గుర్రాలకు జీన్లు కుట్టిన చేతులే ఇక్కడ తొమ్మిదేళ్లుగా దళానికి కుడుతున్నాయి. వేళ్లు వంకర్లు పోయాయి, కుట్టు మాత్రం పోలేదు. మింగో నడుముకున్న తూటాల పట్టీ అతను కుట్టిందే. తూటాకో తోలు అర. అలాంటి పట్టీలే కట్టుకుని ఇరవై మంది రేపు తెల్లారి గస్తీకి బయలుదేరుతున్నారు.

ఎలీజా పనిచేసే కొట్టం బయట గుర్రాలకు నీళ్లు పెడుతూ ఒకడు, "దళం బట్టలన్నీ ఉతికే డోర్కస్‌కి మొగుడి తుపాకి ఒక్కటే కంటికి ఆనలేదురా" అన్నాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. మింగో భార్య డోర్కస్ బట్టల గంపతో అటే వెళుతోంది. విన్నట్టే ఉంది, నడక మాత్రం మారలేదు.

మధ్యాహ్నం మింగోను పూడ్చారు. మట్టి వేసి అందరూ కదులుతుంటే డోర్కస్ సార్జంట్‌ను ఒక్కటే అడిగింది.

"మావాడు బద్ధకస్తుడా, సార్జంటయ్యా?"

ఆ ప్రశ్న వినగానే ఎలీజా కొట్టంలోకి వెళ్లి, చంకలో ఏదో పెట్టుకుని తిరిగొచ్చాడు.

"కాదమ్మా. రోజూ సాయంత్రం నా కొట్టంలోనే కూర్చుని తుపాకి తుడిచేవాడు. తప్పు నాది. తోలు రాగిని తింటుంది, చిలుము పట్టిన తూటా తుపాకిలో ఇరుక్కుంటుంది, అరలు గుడ్డతో కుట్టమని వేసవిలో వచ్చిన తుపాకుల మేస్త్రీ నాకొక్కడికే చెప్పాడు. గుడ్డా ఇచ్చాడు. దాన్ని చూస్తే చిన్నప్పుడు దొర మాకు తొడిగిన గోనె చొక్కా గుర్తొచ్చింది. సైన్యం నీలం కోటు వేసుకున్న మనవాళ్ల నడుముకి మళ్లీ ఆ గోనె కట్టనా అనుకున్నా. పొద్దున ఆ చిలుము చూడగానే నాకు తెలిసిపోయింది. తెలిసీ వరసలో నోరు మూసుకు నిలబడ్డా. ఇప్పుడు కెప్టెన్ దగ్గరికెళ్లి ఇదే చెబుతా, రేపు గస్తీకెళ్లేవాళ్ల పట్టీలూ విప్పించమంటా, నువ్వూ పక్కనుండి విను. ఇదుగో తల్లీ, ఆ గుడ్డ. మడత కూడా విప్పలేదు."