మ్యాటీ గుడ్డ మీద కోడిపెట్ట

అమల దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేది. కిక్కిరిసిన క్లాసుల్లో అరిచి అరిచి గొంతులో బుడిపెలు లేచాయి. ఆపరేషన్ చేసి తీసేశాక డాక్టరు గట్టిగా చెప్పాడు. తను సరేననేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుసలు కూడా వద్దని.

సరిగ్గా అప్పుడే వాళ్లు ఎల్‌బీ నగర్‌లో కొత్త ఇంట్లోకి మారారు. భర్త ప్రసన్నకుమార్ పొద్దున్నే ఆఫీసుకు వెళ్లిపోయేవాడు. గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేస్తే వినడమే తప్ప బదులివ్వడానికి లేదు. గొంతు మునుపట్లా రాకపోతే ఎలాగన్న భయం ఆమెను రోజంతా పట్టుకుని ఉండేది.

కింది వాటాలో ఇంటావిడ ఆండాలు ఉండేది. ఒకరోజు ఆవిడ మెట్లెక్కి వచ్చింది.

"మీ ఆయన చెప్పిండు బిడ్డా, గొంతు ఆపరేషనట గదా. ఒక్కదానివే కూసుంటే పరేషాన్ అయితవు. కిందికి రారాదు?"

అమల ఫోన్‌లో ఏదో టైపు చేసి చూపించబోయింది.

"అద్దాల్లేకుంటే నాకు కనవడదు. నువ్వేం చెప్పకు, నేనే మాట్లాడ్త," అంటూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

హాల్లో గోడ మీద పాత ఫ్రేము ఒకటి ఉంది. చిన్న చిన్న ఇంటూ గుర్తులతో కుట్టిన రెండు హంసలు. అమల దగ్గరికెళ్లి కళ్లార్పకుండా చూసింది.

"పెండ్లికి ముందు మా ఊరు అబ్దుల్లాపూర్‌మెట్‌ల కుట్టిన. నీకు నేర్పాల్నా?"

అమల తలూపింది.

ఆండాలు బీరువాలోంచి గళ్లుగళ్లుగా నేసిన మ్యాటీ గుడ్డ తీసింది. గ్రాఫ్ కాగితం మీద గింజలు ఏరుకుంటున్న కోడిపెట్ట, దాని పిల్లలు. కాగితం మీద ఎన్ని గళ్లు నిండితే గుడ్డ మీద అన్ని కుట్లు. దారంలోంచి రెండు పోగులు విడదీసి సూదికెక్కించాలి, ఏటవాలుగా ఒక కుట్టు వేసి, దాని మీద అడ్డంగా ఇంకోటి వేయాలి. గళ్లు లెక్కపెడుతున్నంతసేపూ అమల మనసులోకి భయం రాలేదు. మర్నాడు పిలవకముందే కిందికి దిగింది.

అప్పట్నుంచి రోజూ అంతే. ఆండాలు వేరుగా ఉంటున్న తన కోడలి సంగతులూ, దగ్గర్లో ఉన్న పండ్ల మార్కెట్ ఊరవతల బాటసింగారానికి పోయినంక మామిడిపండ్లు ఎట్ల దూరమైనయో, అన్నీ చెప్పేది. అమల కుడుతూ వినేది, చప్పుడు లేకుండా నవ్వేది.

ఒక సాయంత్రం కోడి మెడా తలా కుట్టి చూసుకుంటే తల ఒక గడి పక్కకు జరిగింది. ముక్కు గింజల దగ్గరికి అందలేదు. అమల సూది వదిలేసి ఏడ్చేసింది. ఆ ఏడుపు కోడి కోసం కాదని ఆండాలుకు అర్థమైంది.

"నా హంసలను చూడు, ఒకదాని మెడ సాగిపోయింది. ఇన్నేండ్లల్ల ఎవ్వరన్న అడిగిన్రా? నీకు వద్దనిపిస్తే ఇప్పుదాం. ఇద్దరం పడితే ఎంతసేపు?"

అద్దాలు పెట్టుకుని గుడ్డకు అవతలి వైపు కూర్చుంది. ఇద్దరూ సూది మొనతో ఒక్కో కుట్టూ లాగారు. ఆ సాయంత్రం ఆవిడ కూడా ఏమీ మాట్లాడలేదు. దారాలన్నీ వచ్చేసరికి అమల గుండె కుదుటపడింది.

తర్వాతి పరీక్షలో డాక్టరు ఇక మెల్లగా మాట్లాడొచ్చన్నాడు.

"ముందు మీ అమ్మగారికి ఫోన్ చెయ్యి," అన్నాడు ప్రసన్నకుమార్ దారిలో. అమల తల అడ్డంగా ఊపింది.

ఆండాలు వరండాలో తోటకూర ఏరుతోంది.

"పిన్నిగారూ."

గొంతు బొంగురుగా వచ్చింది. పిలిచిందెవరా అని ఆండాలు గేటు వైపు చూసింది. తర్వాత అమల వైపు తిరిగింది.

"నువ్వేనా? గిట్లుంటదా నీ గొంతు!"

"మీరు రమ్మనకపోతే ఏమైపోయేదాన్నో పిన్నిగారూ. మీ మేలు ఎప్పటికీ మర్చిపోను."

ఆండాలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఊకో బిడ్డా. నా మాటలు వినేటోళ్లు నాకెవరున్నరు? నువ్వొచ్చినంకనే గీ ఇంట్ల నాకు పొద్దుపోయింది. జర మెల్లగ మాట్లాడు, అన్నీ ఇయ్యాల్నే చెప్తవా?"

అమల పక్కన కూర్చుని తోటకూర కట్ట అందుకుంది. ఆకులు తుంచుతూ, ఆగి ఆగి, గుంటూరులో వాళ్లమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆండాలు ఒక్కసారి కూడా అడ్డురాలేదు.