ఆయ్ అంటే అవునా?

అమలాపురంలో పళ్ళ డాక్టర్లకు కొదవ లేదు గానీ, వంకర పళ్ళకు తీగలు కట్టి వరసలో నిలబెట్టడంలో డాక్టర్ నాగసతీష్ గారి పేరు పెద్దది. ఆయన తీగ కట్టిన మర్నాడే అంబాజీపేటలో ఒకాయన ఆ తీగలతోనే కొబ్బరికాయ పీచంతా వొలిచేసి, పిలక దగ్గర మాత్రం ఆగిపోయిందని ఫిర్యాదుకి వచ్చాడని చెప్పుకుంటారు. ఇది పుట్టించినవాళ్ళలో డాక్టరుగారు లేరు. కాదన్నవాళ్ళలోనూ లేరు.

జనం ఆయన్ని 'బోర్డు డాక్టరుగారు' అంటారు. క్లినిక్ ముందు బోర్డు పెద్దది కాబట్టి ఆ పేరొచ్చిందని చాలామంది నమ్మకం. అసలు సంగతి వేరు. చదువయ్యాక కూడా ఊరుకోకుండా, పైన ఇంకో పరీక్షల బోర్డు ముందు కూర్చుని, తాను బాగుచేసిన నోళ్ళ అచ్చులు, ఫోటోలు, ఎక్స్‌రేలు చూపించి, పెద్ద డాక్టర్లు అడిగినదానికల్లా జవాబు చెప్పి నెగ్గి, పేరు పక్కకి ఇంకో బిరుదు ముక్క తెచ్చుకున్న మనిషాయన. చుట్టుపక్కల ఆ ముక్క పేరు పక్కన రాసుకునేది తానొక్కడే అన్న సంగతి ఆయన అడిగితే తప్ప చెప్పరు. అడిగేలా మాత్రం చూసుకుంటారు.

చిక్కేమిటంటే, ఆ నెగ్గుడు పదేళ్ళే చెల్లుతుంది. పదేళ్ళు నిండాక మళ్ళీ హైదరాబాదు వెళ్ళి కూర్చోవాలి. ఈసారి కొత్త నోరు పనికిరాదు. అప్పట్లో చూపించిన నోళ్ళలోంచి బోర్డువాళ్ళే ఒకటి ఏరి, అది ఇప్పుడెలా ఉందో చూపించమంటారు. తప్పితే పేరు పక్క ముక్క తుడిచేయాలి. తుడిచినచోట బోర్డు మీద మచ్చ మిగులుతుందని డాక్టరుగారికి తెలుసు. అక్షరం ముక్క రానివాడు కూడా ఆ మచ్చని మాత్రం కూడబలుక్కుని చదువుతాడనీ తెలుసు.

బోర్డువాళ్ళు ఏరింది లక్ష్మీదుర్గ నోరు.

ఆవిడది సఖినేటిపల్లి వైపు. పెళ్ళికి ముందు తీగలు కట్టించుకుంది. ఇప్పుడు మొగుడూ తానూ చేపల చెరువులు చూసుకుంటున్నారు. ఫోన్లమీద ఫోన్లు చేస్తే వచ్చి, కుర్చీలో కూర్చుని, పెదాలు బిగించి నవ్వింది.

"నోరు తెరిచి నవ్వమ్మా."

తెరిచింది. పైవరసలో ముందుపన్ను ఒకటి, బస్సులో నిద్రపోయినవాడిలా పక్కదాని భుజం మీద వాలిపోయి ఉంది.

"పళ్ళు కదలకుండా రాత్రిళ్ళు పెట్టుకోమని ప్లేటిచ్చేను కదమ్మా! ఏమైంది?"

"చెరువులో పడిపోయిందండి. పండుగప్ప మింగేసిందండి."

"పండుగప్పా?"

"ఆయ్. పట్టుబడి నాడు వలలోకొచ్చిందండి. నోరు తెరిస్తే గులాబీరంగు అంగిలి, దానికి ముందర తీగ. అదేదో కొత్త జాతనుకుని, కొన్నాయన విడిగా ఐసులో పెట్టి కలకత్తా పంపించేడండి."

డాక్టరుగారికి నవ్వొచ్చింది. పరీక్ష గుర్తొచ్చి మింగేశారు.

"రోజూ పెట్టుకోమ్మా అన్నప్పుడల్లా 'ఆయ్' అన్నావు కదా!"

"అన్నానండి. పెద్దవారు చెప్తుంటే అనకుండా ఎలాగుంటామండి?"

"అంటే పెట్టుకుంటానని కాదా?"

"వింటున్నాననండి."

నాగసతీష్ గారు పుట్టింది కొత్తపేటలో. ఆ మాట అర్థం ఒకరు చెప్పాల్సిన మనిషి కాదు. ఇంట్లో ఆయనా రోజుకి నూరుసార్లు అంటారు, అన్నవాటిలో సగం చెయ్యరు. కానీ తెల్లకోటు తొడుక్కున్నాక మాత్రం 'ఆయ్' అంటే 'అలాగే' అని వినపడ్డం మొదలైంది.

"సరే. ఇప్పుడు ఆయ్ అనకుండా చెప్పు. ఎందుకు పెట్టుకోలేదు?"

"రాత్రి గట్టుమీద కాపలా నాదేనండి. గాలిచక్రం ఆగిపోతే మా మరిదిని కేకెయ్యాలండి. ఆ ప్లేటుతో 'సత్తిబాబూ' అంటే 'తత్తిబాబూ' అని వస్తుందండి. వాడు లేవడం మానేసి నవ్వుతాడు. ఈలోగా ఇక్కడ నీళ్ళలో గాలందక చేప తేలిపోద్ది."

"ఆ ముక్క అప్పుడే చెప్తే పళ్ళ వెనకాల సన్నతీగ అతికించేసేవాణ్ణి కదమ్మా! పెట్టక్కర్లేదు, తియ్యక్కర్లేదు, మాటకి అడ్డం రాదు."

"మీరు అడగలేదు కదండీ."

డాక్టరుగారు కెమెరా అందుకున్నారు. ఫోటోలు, ఎక్స్‌రే తీసి, మెత్తటి ముద్దలో పళ్ళ గుర్తు పట్టి పంపించేశారు.

ఆ గుర్తులో సుద్ద పోసి అచ్చు తీసేది శ్యామ్ బాబు. క్లినిక్ తెరిచిన నాటినుంచీ వెనకగది అతనిదే. డాక్టరుగారి పేరు పక్క ముక్క మీద డాక్టరుగారికంటే అతనికే మోజు ఎక్కువ. సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. డాక్టరుగారు ఎక్స్‌రేలో తలదూర్చి, ఆ పన్ను వేరు ఎటు తిరిగిందో కొలుస్తున్నారు.

"ఈ పన్ను పట్టుకెళ్తే మిమ్మల్ని తప్పించేస్తారండి."

"ఆయ్."

"మన పాత అచ్చు బీరువాలో ముత్యంలాగుందండి. దానికే మెరుగుపెట్టి, తారీకు మార్చి పెట్టెలో సర్దేస్తానండి."

"ఆయ్."

"ఫోటోల సంగతి మరి మీరే చూసుకోవాలండి."

"ఆయ్."

మధ్యాహ్నం ఈ మాట మీదే ఒక ఆడకూతుర్ని అంతసేపు నిలదీసిన మనిషి, సాయంత్రం మూడుసార్లు దాన్ని వదిలి, తల ఎత్తనేలేదు.

హైదరాబాదులో బల్లకి అవతల ముగ్గురు. పెద్దావిడ కేరళ డాక్టరమ్మ, నవ్వితే నష్టమన్నట్టు కూర్చుంది. పక్కన కాకినాడ నుంచి వచ్చిన జ్ఞానప్రకాశం గారు. మూడో ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు, పరీక్ష అయ్యేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

నాగసతీష్ గారు పెట్టె తెరిచారు. అచ్చులో పళ్ళన్నీ పెళ్ళిపందిట్లో పేరంటాళ్ళలా ఒద్దికగా కూర్చున్నాయి. వాలిన పన్ను లేదు. అడుగున శ్యామ్ బాబు గుండ్రటి రాతలో కొత్త తారీకు. గుమ్మంలో నిలబడి అతనేమన్నాడో, తానేమన్నారో అప్పుడు ఆయన చెవికెక్కింది.

లాప్‌టాప్‌లో పాత ఫోటోలూ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి. పాతవి తెరిస్తే అచ్చుకీ వాటికీ అతికినట్టు సరిపోతాయి. వేలు వాటి మీదకి వెళ్ళింది, అక్కడే కాసేపు ఆగింది. ఇలా నెగ్గితే నెగ్గింది ఎవరు? శ్యామ్ బాబు మెరుగుపెట్టిన సుద్దపన్ను. పేరు పక్కన ముక్క రాయించుకోవాల్సింది కూడా అదే. ఆయన కొత్త ఫోటోలు తెరిచారు.

"ఈ అచ్చు పాతదండి. తారీకు తప్పు. పన్ను ఇప్పుడిలా ఉంది," అని ఇంగ్లీషులో చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పుకొచ్చారు.

డాక్టరమ్మకి నమ్మకం కుదరలేదు. "మార్చమని మీరు చెప్పలేదంటారు. ఆయన అడిగితే మీరు ఒక మాట అన్నారంటారు. ఆ మాటకి అర్థం అవునా, కాదా?"

జ్ఞానప్రకాశం గారు గొంతు సవరించుకున్నారు. "రెండూ కాదండి. మీ మాట నా చెవిదాకా వచ్చింది, లోపలికి రానివ్వడం నా ఇష్టం అని."

ఆవిడ శ్యామ్ బాబుకే ఫోన్ చెయ్యమంది. అందరికీ వినపడేలా పెట్టారు. జ్ఞానప్రకాశం గారు తెలుగులో అడిగారు.

"శ్యామ్ బాబుగారేనా? అచ్చు మార్చింది మీరేనా?"

"ఆయ్."

"అవునని చెప్తున్నారా, వింటున్నానని చెప్తున్నారా?"

"అవుననేనండి. ఎవరండి తమరు?"

"బోర్డు. డాక్టరుగారు మార్చమన్నారా?"

"ఆయ్ అన్నారండి."

"ఆయ్ అన్నారా, మార్చమన్నారా?"

"ఆయ్ అనే అన్నారండి. ఆ మూడు ఆయ్‌లకీ అర్థం నేనే కట్టుకున్నానండి. ఆయన్ని తప్పించకండి, నిజం అచ్చు ఇక్కడే ఉందండి, చూపిస్తానుండండి!"

ఫోన్‌లో వీడియో పెట్టి, సంతలో పుంజుని చూపిస్తున్నట్టు అచ్చుని అటూ ఇటూ తిప్పి చూపించాడు. జ్ఞానప్రకాశం గారు ఈ గొడవంతా ఇంగ్లీషులోకి దించాక డాక్టరమ్మ పళ్ళు మొదటిసారి కనపడ్డాయి. నాగసతీష్ గారు అలవాటుకొద్దీ చూశారు. కిందివరస కొంచెం ఇరుకు.

తర్వాత అసలు పరీక్ష. పన్ను ఎందుకు తిరిగింది, ముందే ఏం చేసి ఉండాల్సింది, ఇప్పుడేం చేస్తారు అని రేవులో గుడ్డ ఉతికినట్టు ఉతికారు. ఆయన గాలిచక్రం దగ్గర్నుంచి మరిది నవ్వు దాకా ఏదీ దాచలేదు. ముందే ఆవిడ పనేమిటో అడిగి ఉండాల్సిందన్నారు. చివరికి, పెట్టె మూసేముందు చూసుకోనందుకు గట్టిగా మందలించి, ఆ పన్ను కదలకుండా చేసి ఫోటో పంపాలని షరతు పెట్టి, ముక్క ఇంకో పదేళ్ళు ఉంచుకోమన్నారు.

మెట్లు దిగుతూనే లక్ష్మీదుర్గకి ఫోన్ చేశారు.

"పరీక్ష అయిపోయిందమ్మా."

"నేను పాసయ్యేనాండి?"

"నువ్వు తప్పేవు. నేను పాసయ్యేను."

"అదేం న్యాయమండి! పన్ను నాది కదండీ!"

"అందుకే పిలుస్తున్నాను. వెనకాల తీగ అతికిస్తాను. వీలవుతుందా, అవదా? నీకు అక్కర్లేదంటే అదే చెప్పు, నేనేమీ అనుకోను."

అవతల గాలిచక్రం చప్పుడు మీదుగా, పట్టుబడి ఎప్పుడని మొగుణ్ణి కేకేసి అడిగింది.

"రేపు పట్టుబడండి. ఎల్లుండి పొద్దున్నే వస్తాను."

అన్నట్టే ఆ పొద్దున్నే వచ్చింది. కుర్చీలో కూర్చుని, అడక్కుండానే నోరు తెరిచింది.