పిచ్చుక స్టేజీ ఎక్కలేదు

"నీ కాందిశీకులు నా తువ్వాలు కూడా ఎత్తుకుపోయారా?" అని స్నానాల గదిలోంచి భర్త కేకవేశాడు.

తువ్వాలు ఆ గది తలుపుకే, ఆయన వెనకే వేలాడుతోంది. ఆమె పొయ్యి తగ్గించి, వెళ్ళి, తలుపు సందులోంచి చెయ్యి పెట్టి దాన్ని తీసి ఆయన చేతికందించింది. వెనక్కి తిరిగి చూసుకోవచ్చు కదా అని నోటిదాకా వచ్చింది. అంటే పొద్దున్నే రభస. ఈలోగా హాల్లోంచి అత్తగారు అందుకున్నారు. "పాత దుప్పట్లన్నీ కత్తిరించేసింది. ఇంక మన మీద పడుతుంది చూస్తూ ఉండు!"

కత్తిరించిన మాట నిజమే. చిరిగి అటకెక్కిన రెండు దుప్పట్లు. వాటితో గుడ్డబొమ్మలు కుడుతోంది. సాయంత్రం గిన్నెలు కడిగి, బట్టలు మడతపెట్టి, తల్లీకొడుకులు టీవీ ముందు చేరాక, ఓ మూల కూర్చుని కుడుతుంది. అది బడి గోల అని ఇంట్లోవాళ్ళూ, ఇంటి దగ్గర కాలక్షేపానికి చేసుకునేదని బడివాళ్ళూ అనుకున్నారు. మొత్తానికి దాన్ని పని అని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఆమె మూడో తరగతి టీచరు. ఊరి చివర శిబిరంలో, యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు దిగాయి. వాళ్ళలో ఒక పిల్ల ఆమె క్లాసులో చేరింది. బక్కగా, రెండు పిలకలతో, గెంతుతున్నట్టు నడిచే ఆ పిల్లకి తోటిపిల్లలు పిచ్చుక అని పేరు పెట్టారు. ఒకరోజు ఒకడు లేచి, "శరణార్థులంటే దొంగలట కదా టీచర్, మా నాన్న చెప్పాడు" అన్నాడు.

ఆమె కోప్పడలేదు. నేల మీద సుద్దముక్కతో చిన్న గది గీసి ఎనిమిదిమందిని అందులో కూర్చోబెట్టింది. "తినడం, పడుకోవడం, చదువుకోవడం అన్నీ ఈ గీత లోపలే" అంది. కాసేపటికే మోచేతులు తగిలి కొట్టుకున్నారు. తర్వాత అందర్నీ అడిగింది. "ఇప్పటికిప్పుడు ఇల్లు వదిలి పరిగెత్తాలి. ఏం పట్టుకెళతారు?"

ఒకడు క్రికెట్ బ్యాటన్నాడు. ఒకతి కుక్కపిల్ల అంది. పిచ్చుక ఎప్పుడూ చెయ్యెత్తని పిల్ల. ఆరోజు ఎత్తింది. "ముందు చెప్పులేసుకోవాలి. నేను వేసుకోలేదు" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తమ కాళ్ళు బెంచీల కిందికి లాక్కున్నారు.

శిబిరంలో పిల్లలకి చెప్పులు కొందామన్నది ఆ క్లాసే. బొమ్మలు చేసి అమ్ముదామన్నదీ వాళ్ళే. ఆమె ఉబ్బితబ్బిబ్బై ఆ సంగతంతా స్టాఫ్‌రూములో చెప్పింది. వారం తిరిగేసరికి బడి గేటుకి పెద్ద బ్యానరు వేలాడింది. దాని మీద హెడ్మాస్టరు గారి నిలువెత్తు ఫొటో. పిల్లలెక్కడా లేరు.

ఆయన ఆమెను గదికి పిలిచి కూర్చోమనకుండానే మొదలుపెట్టారు. "మిల్లు యజమాని గారు ముఖ్య అతిథిగా వస్తున్నారమ్మా. టీలూ అవీ మీ ఆడవాళ్ళు చూసుకోండి. అసలు సంగతి అది కాదు. ఆ పాపని స్టేజీ మీద చెప్పుల్లేకుండా నడిపిద్దాం. మైకులో ఆ కథ చెప్పించండి. మధ్యలో ఏడ్చినా పర్లేదు, ఇంకా మంచిది."

ఆమెకి తన చెవులు తనని మోసం చేశాయేమో అనిపించింది. "వాళ్ళమ్మని అడగాలి కదా సార్?"

"అడిగేదేముంది? తిండి పెడుతున్నాం, నీడ ఇస్తున్నాం. ఆపాటి చెయ్యలేదా?"

ఆ మాట ఆమెకి కొత్త కాదు. తన జీతం తన చేతికే కావాలని అడిగినప్పుడు విన్నది. పక్క ఊళ్ళో వారం రోజుల శిక్షణకి వెళతానన్నప్పుడు విన్నది. ఒంట్లో బాగాలేదు, ఈ పూటకి వంట చెయ్యలేనన్నప్పుడూ విన్నది. "తిండికి లోటా, బట్టకి లోటా? ఇంకేం కావాలమ్మా నీకు?" అని అత్తగారు. "అడగాలా, ఇంట్లోనే ఉన్నావుగా" అని భర్త. ఆ తల్లి కూలిపోతున్న వీధిలోంచి పరిగెత్తుకొచ్చింది, తను పెళ్ళి చేసుకుని కార్లో వచ్చింది. రెండూ ఒకటని అనుకోవడానికి కూడా ఆమెకి సిగ్గేసింది. కానీ పెట్టేవాళ్ళ నోరు మాత్రం ఒకటే. ఒక ముద్ద పెట్టి, ఆ ముద్దకి మనిషి మొత్తాన్నీ రాయించుకునే నోరు. ఇన్నేళ్ళూ తను ఆ నోటికి సమాధానం చెప్పలేదు సరే. ఇప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి దాని ముందు తనే నిలబెట్టాలా? అరికాలి మంట నెత్తికెక్కింది.

సాయంత్రం గేటు దగ్గర పిచ్చుక తల్లి కనబడింది. హెడ్మాస్టరు అన్నది ఆ తల్లికి దాచకుండా చెప్పింది. తల్లి కూడబలుక్కుంటూ, కొత్తగా నేర్చుకున్న మాటల్లో అంది. "ఆ రోజు దీన్ని ఎత్తుకుని పరిగెత్తింది నేను. చెప్పులు మర్చిపోయింది నేను. నా బిడ్డ అది అందరి ముందు చెప్పాలా? వద్దు. గుడ్డలు ఇవ్వండి, బొమ్మలు కుడతాను."

"రాదని నేను చెబుతాను" అంది ఆమె.

చెప్పింది కూడా. హెడ్మాస్టరు నవ్వి, "ఆ రోజుకి అన్నీ అవే సర్దుకుంటాయి లెండి" అని కొట్టిపారేశారు.

అమ్మకం రోజు వరండా నిండా బల్లలు, బల్లల నిండా బొమ్మలు, వాటి వెనక గొంతులు చించుకుంటూ పిల్లలు. ఆమె ట్రేలో టీ కప్పులు పట్టుకుని స్టేజీ పక్కన నిలబడి ఉంది. హెడ్మాస్టరు మైకు అందుకున్నారు. "ఇప్పుడు ఒక అభాగ్యురాలు తన కన్నీటి గాథ వినిపిస్తుంది! రా పాపా, చెప్పులు అక్కడే విడిచి రా!"

బొమ్మ అమ్ముతున్న పిచ్చుక ఉలిక్కిపడి బల్ల కిందికి దూరింది.

ఆమె స్టేజీ ఎక్కింది. నేరుగా వెళ్ళి టీ ట్రే హెడ్మాస్టరు చేతుల్లో పెట్టింది. కప్పులు ఒలికిపోతాయని ఆయన కంగారుగా పట్టుకున్నారు. మైకు ఆమెకి దొరికింది.

"పాప రాదండీ" అంది. "వాళ్ళమ్మ వద్దంది. మా పిల్లలు చెప్పుల కోసం బొమ్మలు కుట్టారు. నచ్చితే కొనండి. పసిపిల్ల ఏడిస్తే గానీ ఇవ్వబుద్ధి కాకపోతే ఇవ్వకండి. అలాంటి డబ్బు మా క్లాసుకి అక్కర్లేదు."

మిల్లు యజమాని లేచి, విరాళం కవరు జేబులోనే ఉంచుకుని వెళ్ళిపోయాడు. హెడ్మాస్టరు ట్రే ఎక్కడ పెట్టాలో తెలియక ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. బొమ్మలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. వచ్చిన డబ్బు శిబిరంలో సగంమందికే సరిపోతుంది. "మిగతావాళ్ళకో టీచర్?" అని పిల్లలు దిగాలుగా అడిగారు. "మళ్ళీ కుడదాం" అంది పిచ్చుక, బల్ల కిందినుంచి బయటికి వస్తూ.

ఇంటికి వచ్చేసరికి భర్త గుమ్మంలోనే ఉన్నాడు. "హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. మీ ఆవిడకి కాస్త బుద్ధి చెప్పండి అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది!"

"నా ఉద్యోగం గురించి మీకెందుకు చేశాడు?"

"మొగుణ్ణి కాబట్టి!"

"ఊరుకో నాయనా, క్షమించమని ఒక్క మాట చెబితే దాని సొమ్మేం పోయింది?" అని అత్తగారు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. పొద్దుటినుంచి కడుపులో ఏమీ పడలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఇంట్లో ఆమె అందరి తర్వాతే తింటుంది. ఎవరూ శాసనం చెయ్యలేదు, అలా జరుగుతోంది అంతే. మళ్ళీ భర్త ఫోను మోగింది. ఆయన అవతలి గొంతుకి రెండుసార్లు "సారీ సార్" చెప్పి, ఫోను ఆమె మొహం ముందుకి తోశాడు. "మాట్లాడు. మర్యాదగా క్షమాపణ చెప్పు."

ఆమె ఫోను తీసుకుంది. "సార్, ఇది మా ఆయన ఫోను. నాతో పనుంటే నా నంబరుకి చెయ్యండి" అని పెట్టేసి, ఆయన చేతికిచ్చింది.

పళ్ళెం తీసుకుని, ఉన్నదంతా వేడిచేసి వడ్డించుకుని, హాల్లో భర్త కూర్చునే కుర్చీలో కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేలోపే సంచిలో ఆమె ఫోను మోగింది.

"ఆయనే! ఎత్తు! ఎత్తవేం?" అని భర్త అరిచాడు.

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, తలెత్తి చూసింది.

"తింటున్నాను" అంది.