నాలుగు సాంచెల వేలం

టీవీలో ఆ అడ్వటైజ్‌మెంట్ వచ్చినప్పుడల్లా లక్ష్మీరాజం దానికి జవాబుగా తనదొకటి తీసేవాడు. కెమెరా లేదు, యాక్టర్లు లేరు, ఉన్నది నోరొక్కటే. ఏడో తరగతిలో బడి మానేసి భీవండి మిల్లులకు పోయినవాడికి ఇంత నోరెక్కడిదని సిరిసిల్ల బీవై నగర్ చాయ్ హోటల్లో జనం నవ్వేవాళ్ళు.

అసలు అడ్వటైజ్‌మెంటు పాటబజార్ అనే కంపెనీది. ఫోన్లో వేలంపాట పెట్టే కంపెనీ. తెల్లజుట్టు తాత ఒకాయన గోడగడియారాన్ని ఫొటో తీసి ఫోన్లో పెడతాడు. ఎక్కడో సముద్రం పక్కన ఇల్లున్న ఒక పిల్ల పాట పెంచి పెంచి గెలుస్తుంది. గడియారం ఆమె గోడ మీద గంట కొడుతుంది, తాత ఫోన్లో అది చూసి మురుస్తాడు. మీ ఇంట్లో పాతది ఇంకో ఇంట్లో కొత్తదని ఒక ఆడగొంతు తీయగా చెబుతుంది.

"గదేం అడ్వటైజ్‌మెంట్‌రా," అనేవాడు లక్ష్మీరాజం. "నేను తీస్తే జూడు. ఒక నేత శాలాయన బనీను మీద కుర్చీల కూసుంటడు. బిడ్డ ఫొటో తీసి పెడతది. యాభై ఏండ్ల మనిషి, నాలుగు సాంచెలు ఒక్కడే నడుపుతడు, ఎడమ చెవు ఇనరాదు, దగ్గు ఉచితం. ఎవ్వడు పాడడు. ఆఖరికి ఎవడో ఫోన్ జేస్తడు. మనిషి వద్దుగని, గా కుర్చీ అమ్ముతరా అంటడు. గప్పుడు గంట మోగుతది."

సాంచెల మేస్త్రీ కైలాసం చాయ్ గుటక గొంతుకడ్డం పడేదాకా నవ్వేవాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఏ సాంచె ఎక్కడ ఆగినా కైలాసం పానా పట్టుకొని పోవాల్సిందే. ఈమధ్య ఆగిన సాంచెలను నడిపించమని పిలిచేవాళ్ళు లేక అతనూ హోటల్లోనే ఉంటున్నాడు.

"ఇంకోటి తియ్యన్నా," అనేవాడు.

"ఇంకోటా? ఒక లీడర్ హామీల మూట పట్కొని వస్తడు. అమ్మకానికి పెడతడు. ఒక్కసారి గూడ వాడలే, ప్యాకింగ్ గూడ విప్పలే అని రాస్తడు."

"గవి ఎవడు కొంటడన్నా?"

"ఐదేండ్లకోసారి మనమే కొంటలేమా?"

నవ్వులాటే గానీ లక్ష్మీరాజం కడుపులో ఉన్నది వేరు. నూలిచ్చి గుడ్డ నేయించుకునే సేటు అది ఇవ్వడం ఆపేసి ఎన్నాళ్ళో అయింది. సాంచెల మీద చివరిగా ఎక్కించిన పడుగు సగం నేసి అట్లాగే ఉంది. కిరాయి షెడ్డు యజమాని అందులో నీళ్ళ ప్లాంటు పెట్టుకుంటానని, దసరా లోపల ఖాళీ చేయమని చెప్పాడు. పక్క గల్లీలో ఒకాయన తన ఎనిమిది సాంచెలను పాత ఇనుము సేటుకు అమ్మితే, వాళ్ళు వచ్చి సమ్మెటలతో పగలగొట్టి లారీలో పోసుకుపోయారు. ఆ చప్పుడు విన్న రోజు లక్ష్మీరాజం అన్నం ముందు కూర్చొని ముద్ద ఎత్తలేదు.

అతనికి కావలసింది ఒక్కటే. తన నాలుగు సాంచెలు ఇనుములాగా పోగూడదు, సాంచెల్లాగా పోవాలి. ఎవడైనా తీసుకుపోయి నడపాలి. అవి అతని దగ్గరికి వచ్చిందీ అట్లాగే. భీవండిలో ఒకడు వద్దనుకున్నవాటిని లారీ ఎక్కించి తెచ్చి, తుప్పు గీకి, నూనె పోసి నిలబెట్టాడు. ఇక్కడ ఇరవై ఏళ్ళకు పైగా గుడ్డ నేశాయి. ఇంకో చోట ఇంకో ఇరవై ఏళ్ళు ఎందుకు నేయవు?

ఫోన్ల దుకాణంలో పనిచేసే అతని కూతురు మమతారాణి ఒకరోజు మాట తీసింది. "బాపూ, పాటబజార్ల పెడుదామా?"

"దిమాక్ ఖరాబైందా? గది గడియారాల తాతలకు."

"ట్రాక్టర్లు గూడ పెడుతుండ్రు. పోయేదేముంది?"

"పరువు," అన్నాడు లక్ష్మీరాజం.

"ఉన్నోడు మాట్లాడాలె గా ముచ్చట," అంది బీడీలు చుడుతూ అతని భార్య నర్మద. తల ఎత్తలేదు, ఆకు మడత ఆగలేదు.

తెల్లారి మమతారాణి షెడ్డుకు పోయేసరికి లక్ష్మీరాజం కిరసనాయిలు గుడ్డతో సాంచెలు తుడుస్తున్నాడు. ఫొటోలు చాలవు, ఒకటి నడుస్తుండగా వీడియో తియ్యమన్నాడు. నూలు అయిపోకుండా నాలుగు వేళ్ళ వెడల్పు నేసి ఆపాడు. పేక పోగు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడు ఆ కాసేపూ గల్లీ అంతా వినబడింది. ఎదురింటి ముసలావిడ లస్మవ్వ గడప దాకా వచ్చి, "నూలొచ్చిందా కొడుకా?" అని అడిగింది. "రాలే అవ్వా, అడ్వటైజ్‌మెంటు తీస్తున్నం," అన్నాడు. ఆమెకేం అర్థమైందో, తలూపి లోపలికి పోయింది.

పాట మొదలయ్యాక లక్ష్మీరాజం ఫోన్ వైపు చూడనట్టే ఉన్నాడు. కానీ గంటకోసారి, "గా పిచ్చిపాట యాడిదాక వచ్చింది?" అని అడిగేవాడు. ఇద్దరు పాడుతున్నారు. ఒకడు మహారాష్ట్రలోని మాలెగావ్ వాడు. నాడె పెట్టెలు ఏ సైజువి, మోటార్లు ఎన్నాళ్ళవి అని వచ్చీరాని హిందీలో రాసి అడిగాడు. సాంచె తెలిసిన మనిషని లక్ష్మీరాజానికి ఆ ప్రశ్నల్లోనే అర్థమైంది. రెండోవాడు ఏమీ అడగలేదు. పెంచుకుంటూ పోయాడు. ఇనుము సేటు చెప్పిన రేటు దాటింది, దానికి రెండింతలూ దాటింది. మాలెగావ్ వాడు ఆగిపోయాడు. రెండోవాడు గెలిచాడు. పేరు సంతోష్‌రావు, ఊరు ఖానాపూర్ అని ఫోన్లో వచ్చింది.

"ఆదిలాబాద్ దిక్కు," అన్నాడు లక్ష్మీరాజం. "కొత్త షెడ్డు పెడుతున్నట్టుండు. మంచిదే, మన తెలుగోళ్ళ చేతిలనే ఉంటయి."

ఆ రోజే ఫోన్ చేశాడు. అవతల నిదానమైన పెద్దమనిషి గొంతు. ఆఁ, ఆఁ, చూద్దాం, మాట్లాడుదాం అంది. అంతే చాలనుకున్నాడు.

మమతారాణి మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పింది. "బాపూ, పైసలు పడేదాక ఒక్క బోల్టు ముట్టకు. పాట గెలిచినోడు వారంల కట్టాలె, కట్టకుంటె క్యాన్సలయితది. గది రూల్."

"నాకు రూల్ జెప్పుతవా? గణపతి లడ్డు పాట ఎన్నిసార్లు జూడలే? మూడోసారి అన్నంక లడ్డు నెత్తిన పెట్టి డప్పులతోని ఇంటికి తోలుతరు. పైసలు పాడినోడు మల్లొచ్చే గణపతి పండుగ లోపల ఇస్తడు. ఎన్నడన్న ఎవడన్న ఎగ్గొట్టిండా మన గల్లీల? పాడినోనికంటె ముందుగాల ఇచ్చెటోడు మర్యాద చూపెట్టాలె."

అది నిజమే. ఆ పాటలో చీటీ ఉండదు, సంతకం ఉండదు. నలుగురిలో అన్న మాటే. లక్ష్మీరాజం కూడా ఒక ఏడు లడ్డూ పాడి, ఏడాదంతా రెండు షిఫ్టులు నడిపి ఆ మాట చెల్లించుకున్నాడు. పాట అంటే అతనికి తెలిసింది అదే. లారీ వస్తే కొనుక్కున్నవాళ్ళు ఎదురుచూస్తూ నిలబడకూడదని కైలాసాన్ని పిలిచాడు. ఇద్దరూ కలిసి సగం నేసిన పడుగు బ్లేడుతో కోశారు. పడుగు చుట్టిన బీములు దించారు. మోటార్లు విప్పారు. నేలలో పాతిన బోల్టులు తుప్పుపట్టి రాకపోతే కైలాసం రంపంతో కోశాడు.

"కోసినంక మల్ల గీ నేలల నిలబడయన్నా," అన్నాడు కైలాసం.

"గీ నేల మనదెట్లయితది?"

వారం గడిచింది. పైసలు పడలేదు. సంతోష్‌రావు ఫోన్ ఎత్తలేదు. పాట రద్దయిందని ఫోన్లో ఒక ముక్క వచ్చింది, వెంటనే మీ వస్తువును మళ్ళీ అమ్మకానికి పెట్టుకోండని ఇంకో ముక్క. మమతారాణి మాలెగావ్ వాడికి చేసింది. అతను మర్యాదగానే మాట్లాడాడు. ఇచల్‌కరంజిలో వేరే సాంచెలు దొరికాయి, లారీ కూడా ఎక్కించాం, మీవి దక్కలేదని బాధపడ్డాను అన్నాడు.

లక్ష్మీరాజం ఖానాపూర్‌కు ఏయే బస్సులు పోతాయో కనుక్కున్నాడు. పొద్దున్నే బస్సెక్కాడు. వేములవాడ, కోరుట్ల, మెట్‌పల్లి, బస్సు మారినచోటల్లా ఒక చాయ్. గోదావరి దాటుతుంటే అతని మనసులో ఒక అడ్వటైజ్‌మెంటు దానంతటదే తయారైంది. అందులో సంతోష్‌రావు జబ్బుపడి మంచంలో ఉంటాడు, అందుకే ఫోన్ ఎత్తలేదు. తనను చూసి లేచి కూర్చుంటాడు. కొత్త షెడ్డు చూపిస్తాడు. ఎవరికీ చెప్పని అడ్వటైజ్‌మెంటు అదొక్కటే. అందులో వెటకారం లేదు.

ఖానాపూర్‌లో ఆ పేరు అందరికీ తెలుసు. పెద్ద గేటు, లోపల పత్తి నింపిన గది, సోఫా ముందు గోడంత టీవీ. సంతోష్‌రావుకు డెబ్బై ఉంటాయి. మంచంలో లేడు. లుంగీ కట్టుకొని సోఫాలో కూర్చొని ఒళ్ళో ఫోన్ పెట్టుకొని ఉన్నాడు.

"సిరిసిల్ల నుంచి వచ్చిన దొరా. సాంచెలు."

"ఏం సాంచెలు?"

"మీరు పాడిన్రు గద. నాలుగు."

పెద్దాయన నవ్వు ముఖం పెట్టాడు. "ఆఁ, గవా. వీడియోల టకటక కొట్టుకుంటుండె. మంచిగున్నయి. ఎవడో మాలెగావ్ వాడు పట్టు వదలలే, నేను వదలలే. మస్తు మజా వచ్చింది ఆ రోజు."

"తీసుకపోతలేరా?"

"నాకెందుకయ్యా సాంచెలు? నేను పాడుడు వరకే. కొనుడు లేదు."

లోపలి నుంచి ఆయన భార్య లీలాబాయి చాయ్ తెచ్చింది. విషయం విన్నట్టుంది, లక్ష్మీరాజం ముఖం చూడలేదు. "గీయనకు పొద్దు పోదు," అంది. "మొన్న ఒక జేసీబీ పాడిండు. గంతకు ముందు ఎవలదో పడవ. కంపెనోళ్ళు నంబరు బంద్ జేస్తే మనుమరాలు శ్రేయ నంబరు తీస్కొని తన పేరుతోనే మల్ల మొదలు పెట్టిండు. చెప్పి చెప్పి పరేషానైతున్న."

"పడవ నేను గెలువలేదే," అన్నాడు సంతోష్‌రావు. "ఆఖర్ల నిద్ర పట్టింది."

గోడ మీద ఒక ఫొటో ఉంది. సంతోష్‌రావు నెత్తిన గణపతి లడ్డూ, చుట్టూ డప్పులు, గులాలు. లక్ష్మీరాజం దాన్నే చూస్తూ అడిగాడు. "గీ పాట పైసలు కట్టిన్రా దొరా?"

"కట్టకుంటె ఎట్ల? అది దేవుని పాట. ఊరంత ఇన్నది."

"మరి నాది?"

"నీది ఫోన్ల పాట గదనయ్యా. ఎవడిన్నడు?"

లక్ష్మీరాజం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మీ పాట నమ్మి నేను ఇప్పిన. పడుగు కోసిన, బోల్టులు కోసిన. అవతలోడు నడుపుకునేటోడు, మీరు పాడవట్టి ఆగిండు."

సంతోష్‌రావు నవ్వు ఆగింది. "ఎవడిప్పుమన్నడు? పైసలు ముట్టకముందు ఎవడన్న ఇప్పుతడా? చదువుకోలేదా నువ్వు?"

"లేదు," అన్నాడు లక్ష్మీరాజం. "మీరు కొనకుంటె మానె. నడిపేటోళ్ళు ఎవలన్న ఉంటే చూపెట్టున్రి. జర తక్కువకైనా ఇస్త."

"గీ దిక్కు పత్తి, మక్క, పసుపు. సాంచెలు ఎవలు నడుపుతరు?" అని పెద్దాయన ఫోన్ అందుకున్నాడు. లీలాబాయి గేటు దాకా వచ్చి బస్సు ఖర్చుకని ఒక నోటు చాపింది. లక్ష్మీరాజం రెండు చేతులూ వెనక్కు పెట్టుకొని దండం లాంటిదేదో తలతోనే పెట్టి నడిచాడు.

ఇంటికొచ్చాక కైలాసం అన్నాడు. "వేరే షెడ్డు దొరికితే నేను మల్ల నిలబెడత. పైసలడుగ."

"నూలు ఎవడిస్తడు?"

షెడ్డు యజమాని నీళ్ళ ప్లాంటు డబ్బాలు అప్పుడే గోడ పక్కన దించాడు. మమతారాణి మళ్ళీ పెడదామని ఫోన్ తీస్తే, విప్పిన సాంచె ఫొటోలో ఇనుప కుప్పలాగే కనబడింది. ఆమే ఫోన్ లోపల పెట్టేసుకుంది. నర్మద ఆ పూట ఇంకో కట్ట బీడీ ఆకు ముందేసుకుంది. అది లక్ష్మీరాజానికి మరీ కష్టంగా అనిపించింది.

లక్ష్మీరాజమే కబురు పెట్టాడు, రెండు రోజులకు ఇనుము సేటు మనుషులు వచ్చారు. సమ్మెట పట్టుకున్నవాడు మల్లన్న. ఒకప్పుడు పక్క షెడ్డులో సాంచెలు నడిపినవాడే. లారీలో చోటు సరిపోవాలంటే చట్రాలు పగలాల్సిందే అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

"అన్నా, నువ్వు ఇంటికి పో. మేం జూసుకుంటం."

లక్ష్మీరాజం కదలలేదు. మల్లన్న మొదటి చట్రాన్ని పడుకోబెట్టి నెత్తిన కొట్టాడు. అది పగలలేదు, మోగింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ మోగింది. గల్లీలో తలుపులు తీసుకున్నాయి. మూడో దెబ్బకు లస్మవ్వ గడప మీదికొచ్చి నిలబడింది.

"ఆగు," అన్నాడు లక్ష్మీరాజం.

మల్లన్న సమ్మెట దించాడు. వద్దంటాడేమోనని సేటు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లక్ష్మీరాజం వంగి, చట్రం కాలు వంపు తిరిగిన చోట చెయ్యి పెట్టి నూనె మరక తుడిచాడు.

"నెత్తిన గాదు. గీడ కొట్టు. పోత పోసినప్పుడే గీడ పల్చగుంటది. ఒక్క దెబ్బకు పోతది."

మల్లన్న కొట్టలేదు.

"కొట్టు," అన్నాడు లక్ష్మీరాజం చెయ్యి తీసేసి. "ఊకె మోగించకు. కడమ మూడు గూడ గీడనే."